ఎవరెవర్ని కలుపుకుంటే ఊరి మ్యూజియం నిలబడుతుంది? (పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం వైపు వాళ్ళు తప్పక చెప్పండి)

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మా ఊళ్ళో కొందరం కలిసి చిన్న మ్యూజియం పెట్టాలనుకుంటున్నాం. ఒక పాత పఠన మందిరం వాళ్ళు మేడ మీద రెండు గదులు ఇస్తామన్నారు. చేతిలో ఉన్నవి: కొమ్ముతో చేసిన దువ్వెనలు, కొంగ బొమ్మలు, రొయ్య బొమ్మలు, ఒక తాటాకు కట్ట, లైట్ రైల్వే (మా వైపు పాత చిన్న గేజి రైలు) నాటి టిక్కెట్లు, ఒక లాంతరు, గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పటి కొన్ని ఫొటోలు, దస్తావేజులు.

మాలో రెండు మాటలు నడుస్తున్నాయి. ఒక వర్గం, ముందు గదులు బాగుచేసి అద్దాల బీరువాలు కొని అన్నీ సర్ది, ఆ తర్వాత జనాన్ని పిలుద్దామంటుంది. నాబోటి వాళ్ళు, ముందే కొమ్ము పనివాళ్ళని, నేతవాళ్ళని, సవర ఊళ్ళని, కాలేజీని, రిటైరైన రైల్వే వాళ్ళని కలుపుకుందామంటున్నాం. దానికి మా పెద్దాయన ఒకరు అడిగిన ప్రశ్న: “కలుపుకుంటే మనకేం ఒరుగుతుంది? పదిమంది వస్తే పది మాటలు, పని మాత్రం మన నెత్తినే.” ఆయనకి చెప్పడానికి నా దగ్గర ఆదర్శాలున్నాయి గానీ ఉదాహరణలు లేవు. తెలిసినవాళ్ళు చెప్పండి.

తాళపత్రం (బరంపురం)

నేను మ్యూజియంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మీ పెద్దాయన ప్రశ్న సబబైనదే. దాన్ని మర్యాదకి అడిగినట్టు కాక, లాభనష్టాల లెక్కగానే తీసుకోండి.

మొదటి లాభం సమాచారం. పాత మ్యూజియం రిజిస్టర్లు మీరు చూస్తే తెలుస్తుంది. వస్తువు పేరు ఉండాల్సిన చోట “చెక్క పనిముట్టు” అనీ, ఎక్కడిది అన్న చోట “గంజాం ఏజెన్సీ” అనీ ఉంటుంది, అంతే. ఏ ఊరిది, ఎవరు చేశారు, ఆడవాళ్ళు వాడేదా మగవాళ్ళు వాడేదా, ఏ నెలలో బయటికి తీస్తారు, ఇవేవీ ఉండవు. ఒక్క ముసలమ్మని తీసుకొచ్చి ఆ వస్తువు ముందు కూర్చోబెడితే మధ్యాహ్నానికి రెండు పేజీలు నిండుతాయి. ఆ పని జీతం ఇచ్చి పెట్టుకున్న ఏ క్యురేటరూ చేయలేడు.

మన వైపు ఇంకో చిక్కు ఉంది. గంజాం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు కింద ఉండేది కాబట్టి ఇక్కడి వస్తువులు మద్రాసు మ్యూజియానికి చేరాయి. అది 1851లో మొదలైంది. కులాల మీద, తెగల మీద పుస్తకాలు రాసిన ఎడ్గార్ థర్స్టన్ 1885 నుంచి 1908 దాకా దానికి సూపరింటెండెంట్. బల్లిగూడ నుంచి తెచ్చిన మెరియా స్తంభం అక్కడే ఉంది. కోందు గిరిజనుల నరబలికి (మెరియా) వాడిన, ఏనుగు ఆకారంలో చెక్కిన కొయ్య. నరబలిని ఇంగ్లీషు అధికారులు ఎలా ఆపారన్నది పుస్తకాల నిండా ఉంది. ఆ కొయ్య గురించి కోందుల ఇళ్ళలో ఏం చెప్పుకుంటారన్నది అంత తేలికగా దొరకదు. మీరు కొత్తగా మొదలుపెడుతున్నారు గనక ఆ రెండో సగం మొదటిరోజే రాసిపెట్టుకోవచ్చు.

భోపాల్‌లో ఇందిరాగాంధీ రాష్ట్రీయ మానవ సంగ్రహాలయం ఉంది, వీలైతే చూసి రండి. ఆరుబయట గిరిజనుల ఇళ్ళు ఉంటాయి. సవరలవీ, జాతాపులవీ కూడా. వాటిని కాంట్రాక్టరు కట్టలేదు. ఆయా జాతుల వాళ్ళనే పిలిపించి కట్టించారు. పైకప్పు గడ్డి కుళ్ళినా, మట్టి గోడ రాలినా మళ్ళీ కబురు వాళ్ళకే. అలా ఇల్లుతో పాటు ఇల్లు కట్టే చెయ్యి కూడా నిలుస్తుంది. గడ్డి కప్పు నాలుగు వానలకి పోయేదే. దాన్ని అద్దాల్లో పెట్టి కాపాడటం కుదరదు.

ప్రపంచ మ్యూజియంల సంఘం ఐకామ్ 2022లో ప్రాగ్‌లో మ్యూజియం నిర్వచనాన్ని మార్చింది. సముదాయాల భాగస్వామ్యంతో నడవడం అన్న మాట అందులో చేరింది. అంటే మీరు అడుగుతున్నది ఆ రంగంలో ఒప్పుకున్న సంగతే. మీ పెద్దాయనకి ఇది కూడా చెప్పండి, ఆయనకి పెద్ద సంస్థల పేర్లు నచ్చేట్టున్నాయి.

పాతపట్నం కుర్రోడు

గురువుగోరూ, నానొక మాట అడుగుతాను. సముదాయం అంటే ఎవులు? మా వీధిలో నలుగురం కూకుంటే అది సముదాయమా, లేపోతే లెటర్‌హెడ్డు ఉండాలా?

తాళపత్రం (బరంపురం)

లెటర్‌హెడ్ ఉన్నవాళ్ళకి ఫోన్ చెయ్యడం తేలిక. అదే ప్రమాదం కూడా.

డేరా వీధి (బరంపురం)

నేను నేత ఇంట్లో పుట్టినవాణ్ణి. కొంచెం కటువుగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

“కలుపుకోవడం” అంటే మా వీధిలో జరిగేది ఇది. ఠాకురాణి యాత్ర (మా ఊరి అమ్మవారి జాతర) ఏడాది తప్పించి ఏడాది వస్తుంది. ఆ ఏడు అందరికీ మేము గుర్తుకొస్తాం. అమ్మవారు పుట్టింటికొచ్చిన ఆడపడుచు, దేశిబెహరా (మా నేతవాళ్ళ కులపెద్ద) ఇల్లు ఆవిడ పుట్టిల్లు. ఘటాలు వీధులు తిరుగుతాయి, వేషాలు కడతారు. కెమెరాలతో వస్తారు, పాత పట్టు చీరలు తీయించి చూస్తారు. “ప్రదర్శన కోసం” అని ఒక సంస్థ వాళ్ళు మా పెద్దమ్మ పెళ్ళి పట్టు తీసుకెళ్ళారు. రసీదు లేదు. ఇప్పటిదాకా రాలేదు. ఇచ్చినందుకు మాకు దక్కింది ఒక శాలువా, ఒక గ్రూప్ ఫొటో.

బరంపురం పట్టుకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, ఆడవాళ్ళ చీరకీ, మగవాళ్ళ పంచె-కండువా జోడుకీ. మంచిదే. మగ్గాలు మాత్రం తగ్గిపోతూనే ఉన్నాయి. మీ మ్యూజియంలో ఆ ఫోడా కుంభం (గుడి శిఖరాల వరసలాంటి) అంచు చూసి “ఆహా” అనేవాళ్ళు పెరిగితే మా ఇంట్లో బియ్యం పెరగవు.

కాబట్టి మా వైపు నుంచి షరతులు. ఒకటి, మగ్గం చూపించడానికి మనిషిని పిలిస్తే ఆ రోజు కూలి ఇవ్వాలి. భోజనం పెట్టాం కదా అనకూడదు. రెండు, లేబుల్ మీద నేసినవాళ్ళ పేరు, ఇచ్చిన ఇంటి పేరు రాయాలి. “గంజాం పట్టు, 20వ శతాబ్దం” అంటే మా తాత ఎక్కడ పోయాడు? మూడు, పండగకో పెళ్ళికో అడిగితే తిరిగి ఇవ్వాలి. ఇవి ఒప్పుకునే మ్యూజియం ఉంటే చెప్పండి, నేనే నాలుగిళ్ళు తిరిగి అడుగుతాను.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అన్నా, మొదటి రెండూ ఇప్పుడే ఒప్పేసుకుంటాను. మూడోది ఎలా కుదురుతుందో తాళపత్రం గారే చెప్పాలి. పాత బట్ట మాటిమాటికీ బయటికి తీస్తే పాడవదా?

తాళపత్రం (బరంపురం)

లోపల పెట్టినా పాడవుతుంది. జనం అనుకునేది ఒకటి, జరిగేది ఒకటి.

పట్టుకి పెద్ద శత్రువు వెలుతురు. బట్టల మీద 50 లక్స్ (వెలుతురు కొలత) మించి వెలుగు పడకూడదన్నది మ్యూజియంల మామూలు లెక్క. మన ఇళ్ళలో పట్టపగలు కిటికీ పక్కన వెలుగు దానికి ఎన్నో రెట్లుంటుంది. పైగా ఆ 50 లక్స్‌లో కూడా ఏడాది పొడుగునా వేలాడదీస్తే రంగు పోతుంది, పోయిన రంగు మళ్ళీ రాదు. అందుకని పెద్ద మ్యూజియంలు కూడా ఒక బట్టని కొన్నాళ్ళు చూపించి లోపల చీకట్లో విశ్రాంతినిస్తాయి. మడతలు పెట్టకుండా, ఆమ్లం లేని కాగితం వేసి గొట్టానికి చుడతారు. మడత పడ్డ చోటే పట్టు చిరుగుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. మీకు రెండు గదులే ఉన్నాయి. పాతిక చీరలు కొని దాచే స్తోమత లేదు. డేరా వీధి గారి లాంటి ఇళ్ళు పది మీతో ఉంటే, ఒక్కో ఇంటి చీర మూడేసి నెలలు తెచ్చి చూపించి తిరిగి ఇచ్చేయవచ్చు. బట్టకి విశ్రాంతి దొరుకుతుంది. మీకు గిడ్డంగి ఖర్చు తప్పుతుంది. బీరువాలో వస్తువు మారుతూ ఉంటుంది కనక ఒకసారి చూసినవాడు మళ్ళీ వస్తాడు. ఆ ఇంటి బంధువులంతా “మన చీర పెట్టారట” అని ఎలాగూ వస్తారు. ఆయన మూడో షరతుని మీకు నష్టం అనుకుంటున్నారు, మీ అతిపెద్ద ఇబ్బందికి మందు అందులోనే ఉంది.

పండగకి కట్టుకోవడం మాత్రం వేరు. చెమట, కుంకుమ, నూనె. నిజంగా పాతదైతే నేను వద్దంటాను. కానీ చీర వాళ్ళది. చెప్పడం మన పని, తేల్చుకోవడం వాళ్ళ పని.

డేరా వీధి (బరంపురం)

ఈ మాట ముందే ఎవరైనా మా ఇంటికొచ్చి చెప్పి ఉంటే బాగుండేది. మా అమ్మ పట్టు చీరలన్నీ నాలుగు మడతలు పెట్టి, పైన ఇత్తడి బిందె పెట్టింది.

పాతపట్నం కుర్రోడు

బిందె ఎందుకు అన్నా?

డేరా వీధి (బరంపురం)

పెట్టె మూత సరిగా పడదు.

కొండ దారి (గుణుపురం)

నేను సవరని. సీతంపేటలో చదివాను కాబట్టి తెలుగు రాస్తున్నాను. ఈ చర్చ చూసి రాయాలనిపించింది.

మీ మ్యూజియం గోడ మీద మా ఇడితాల్ బొమ్మ వేస్తారు. ఇంకా అనుకోలేదంటే రేపు అనుకుంటారు. ఎవరైనా అదే చేస్తారు, అందంగా ఉంటుంది, చవక. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో మనుషులు, గుర్రాలు, చెట్లు, సూర్యుడు. మా ఇళ్ళలో అది అలంకారం కాదు. చనిపోయినవాళ్ళ కోసం, జబ్బు చేసినప్పుడు, పంటప్పుడు, కుడన్ (మా పూజారి) చెప్పినదాన్ని బట్టి వేస్తారు. వేశాక అది ఆ పోయినవాళ్ళు ఉండే చోటు. ముందు అన్నం పెడతారు, కల్లు పోస్తారు. 2024లో లాంజియా సవర (మాలో ఒక శాఖ) చిత్రాలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు చీరల మీద, గోడల మీద, బస్టాండ్లలో కనిపిస్తుంది. కొందరు మా కుర్రాళ్ళకి దానివల్ల పని దొరికింది, అది నిజం. కాదనను.

కానీ కలుపుకునేటప్పుడు ఎవర్ని కలుపుకుంటారు? మాలో బాప్టిస్టు క్రైస్తవులయిన ఊళ్ళున్నాయి. ఆ ఇళ్ళలో ఇడితాల్ మాట ఎత్తితే ముసలివాళ్ళు తల తిప్పుకుంటారు, మనవలు మాత్రం ఫోన్లో బొమ్మ చూసి మనదేనా అని అడుగుతారు. పాత పద్ధతి ఉన్న ఇళ్ళున్నాయి. అక్షరాల దేవుడు మత్తర్‌బనోమ్‌ని కొలిచేవాళ్ళున్నారు. మా భాష రాసే సొరంగ్ సొంపెంగ్ లిపి వాళ్ళదే, 1936లో మంగెయి గొమాంగో ఇచ్చారు. ఒక్కరిని పిలిచి “సవర ప్రతినిధి” అని కుర్చీ వేస్తే మిగతా వాళ్ళందరూ మీ మ్యూజియంకి దూరమవుతారు. ముగ్గురూ మూడు కథలు చెబుతారు. మూడూ పెట్టండి.

గిడుగు వారి గురించి మీ ఊళ్ళో ప్రతి సభలోనూ చెబుతారు. చెప్పాలి కూడా. ఆయన మా భాష నేర్చుకున్నారు, మా పిల్లలకి బడి పెట్టారు, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. ఆ మాటలన్నీ ఆయన నోట్లో పుట్టలేదు కదా. మా వాళ్ళు కూర్చుని ఒక్కొక్క మాట చెప్పారు. మీ గోడ మీద గిడుగు వారి ఫొటో పక్కన చెప్పినవాళ్ళ కోసం కూడా కాస్త చోటు ఉంచండి. పేర్లు దొరికితే రాయండి, దొరక్కపోతే “చెప్పినవారు సవరలు” అని రాయండి.

మేము ఇవ్వగలిగింది వస్తువులు కాదు, మాటలు. పెద్దవాళ్ళు పాడే పాటలు, చావు దగ్గర పాడేవి కాక మిగతావి, రికార్డు చేసుకోవచ్చు. ఒక కాపీ ఊళ్ళో ఉండాలి. పెన్‌డ్రైవ్‌లో చాలు. లేబుల్ సవరలో కూడా ఉండాలి. ఎవరూ చదవరు అంటారు. మా పిల్లలు చదువుతారు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

నిజమే, గోడ మీద వేయించాలని మా పట్టికలో ఉంది. తీసేస్తున్నాను. మీరు చెప్పిన మూడు రకాల వాళ్ళనీ ఎలా కలవాలో విడిగా మాట్లాడదామా అండి?

కొండ దారి (గుణుపురం)

తీసెయ్యమనలేదు. అడిగి వేయించండి అన్నాను. సంతరోజు గుణుపురం రండి, కలుద్దాం.

ఉత్కళాంధ్ర (ఛత్రపురం)

లేబుళ్ళ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. తెలుగు పైన ఉండాలా ఒడియా పైన ఉండాలా? ఇక్కడ తెలుగువాళ్ళం ఇంతమందిమి ఉండి కూడా మన భాష కింద వరసలో రాయించుకుంటే…

మోడరేటర్

ఈ దారిలోకి వెళ్ళొద్దు. పోయినసారి ఇదే అంశం మీద రెండు థ్రెడ్లు మూసేశాం.

తాళపత్రం (బరంపురం)

మోడరేటర్ గారూ, ఒక్క మాటకి అనుమతి ఇవ్వండి, ఇది అసలు విషయానికి సంబంధించిందే.

పర్లాకిమిడి జమీందారీ 1936లో రెండుగా చీలి కొంత ఒరిస్సాకి వచ్చింది, కొంత మద్రాసులోనే ఉండిపోయింది. ఆ ఊళ్ళో ప్రతి పాత కాగితానికీ రెండు కథలుంటాయి. ఒక్క తెలుగు సంఘాలతోనే మ్యూజియం పెడితే “తెలుగోళ్ళ మ్యూజియం” అంటారు. ఒక్క ఒడియా సంఘాలతో పెడితే ఇటువైపు వాళ్ళు గడప తొక్కరు. కొమ్ము పని ఒడియా మహారణా ఇళ్ళది, నేత తెలుగు మూలాల ఇళ్ళది, కొండ మీద సవర. ఈ ముగ్గురూ కమిటీలో ఉంటే రేపు ఏ కలెక్టరు మారినా, ఏ పార్టీ వచ్చినా మీ గదులు ఖాళీ చేయించడం అంత సులువు కాదు. దీన్ని కూడా లాభాల పద్దులోనే రాసుకోండి. పైన ఏది, కింద ఏది అన్నది కమిటీలో ముగ్గురూ కూర్చుని తేల్చుకుంటారు, మనం ఇక్కడ తేల్చక్కర్లేదు.

సిరొంచ వాసి (గడ్చిరోలి)

మాది మహారాష్ట్ర చివర, గోదావరికి ఇటు. మీ అంశం చూసి ఆగలేకపోయాను.

మా వైపు ప్రాణహిత–గోదావరి లోయలో పోచంపల్లి దగ్గర తవ్వితే బరపాసారస్ అనే రాకాసిబల్లి దొరికింది. ఇంచుమించు 300 ఎముకలు, కనీసం ఆరు జంతువులవి. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తవ్వారు. తవ్వకాలు సాగిన 1961 రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరం కాబట్టి ఆయన పేరు కలిపి 1975లో నామకరణం చేశారు. అస్థిపంజరం కలకత్తాలో వాళ్ళ మ్యూజియంలో నిలబడి ఉంది. పక్కన తెలంగాణ యామన్‌పల్లిలో దొరికిన కోటాసారస్ హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది.

నేను ఎముకలు తిరిగి ఇమ్మనడం లేదు. వాటిని శుభ్రం చేసి, నిలబెట్టి, చదివే నేర్పు వాళ్ళకుంది, మాకు లేదు. మాకు కావాల్సింది ఒక తొడ ఎముక నకలు, అచ్చు పోసింది. మా బడిపిల్లవాడు దాని పక్కన నిలబడి తన ఎత్తు చూసుకోవాలి. ఏడాదికి ఒకసారి అక్కడి పరిశోధకుడు వచ్చి ఊరి కుర్రాళ్ళకి రాయికీ ఎముకకీ తేడా నేర్పాలి. దానివల్ల వాళ్ళకేం లాభమంటే, పొలం దున్నుతుంటే ఏదైనా తేలినప్పుడు ఆ రైతు దాన్ని పగలగొట్టడు, దళారికి ఇవ్వడు, ఫోన్ చేస్తాడు. కలకత్తాలో కూర్చున్నవాళ్ళకి మా రైతు కంటే మంచి కాపలాదారు దొరకడు. పెద్ద సంస్థతో చిన్న ఊరికి పొత్తు ఉంటే ఇలా ఉండాలి. మీరు భువనేశ్వర్ మ్యూజియంతో మాట్లాడేటప్పుడు కూడా నకళ్ళు, శిక్షణ అడగండి. అసలు వస్తువు అడిగితే మాట అక్కడే ఆగిపోతుంది.

జయపురం విత్తు (కోరాపుట్)

చాలా మంచి చర్చ. మ్యూజియం అనగానే పాతదీ, చచ్చిపోయినదీ అనుకుంటాం. బతికి ఉన్నదాన్ని ఏం చెయ్యాలి?

మా జిల్లాలో దేశవాళీ వరి రకాలున్నాయి. కోరాపుట్ సంప్రదాయ సాగును 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) ప్రపంచ ప్రాముఖ్యమున్న వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఇక్కడి కాలాజీరా బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ గింజని గాజు సీసాలో పోసి బీరువాలో పెట్టండి, కొన్నేళ్ళకి అది మొలకెత్తదు. చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, లోపల ప్రాణం ఉండదు. అదే గింజ రైతు చేతిలో ఉంటే ఏటా పుడుతుంది.

జయపురంలో స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు ఊళ్ళతో కలిసి చేసింది ఇదే. ఊరి విత్తన బ్యాంకులు పెట్టించారు. పాత్రాపుట్ నుంచి కమలా పూజారి గారు ఇల్లిల్లూ తిరిగి గింజలు పోగేశారు. 2002లో ఆ పనికి జోహానెస్‌బర్గ్‌లో ఈక్వేటర్ ఇనీషియేటివ్ అవార్డు వచ్చింది. ఆవిడకి 2019లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో పోయారు. శాస్త్రవేత్తలకి రకాల పేర్లు, అవి ఏ నేలకి సరిపోతాయి, ఏది జబ్బుకి ఆగుతుంది అన్నవి ఆవిడ లాంటివాళ్ళే చెప్పారు. శాస్త్రవేత్తలు నిల్వ పద్ధతులు, రికార్డులు ఇచ్చారు.

మీ గదిలో ఒక విత్తనాల అర పెట్టండి. ఏటా కోతల తర్వాత రైతు కొత్త గింజ ఇచ్చి పాతది పట్టుకెళ్తాడు. లేబుల్ మీద ఆ ఏడాది పండించిన మనిషి పేరు. ఖర్చు దాదాపు సున్నా.

అకౌంట్లమ్మ (రాయగడ)

అందరూ బాగా రాశారు. ఎవరూ కాగితం మాట ఎత్తలేదు, అందుకని నేను.

మహేంద్రతనయ బాబూ, ముందు మీరు సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరయ్యారా? కేంద్ర సాంస్కృతిక శాఖకి మ్యూజియం గ్రాంట్ స్కీము ఉంది, సొసైటీలూ ట్రస్టులూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. దరఖాస్తుతో పాటు నేత సంఘం, కాలేజీ, పంచాయతీ ఇచ్చిన సహకార పత్రాలుంటే బరువుంటుంది. ఇది ఒక లాభమే. అయితే నా కళ్ళతో చూసిన సంగతి చెబుతాను: గ్రాంటు కోసం మాత్రమే సంతకాలు పోగేసిన చోట, చివరి విడత డబ్బు రాగానే సంఘాలు కూడా పోయాయి. గదికి తాళం, కరెంటు బిల్లు బాకీ. పేరు చెప్పను, అక్కడి వాళ్ళకి తెలుసు.

రెండోది, 1972 పురావస్తువుల చట్టం. వందేళ్ళు దాటిన శిల్పం, లోహపు పని, చిత్రం లాంటివి పురావస్తువుల కిందకి వస్తాయి. రాతప్రతులకి 75 ఏళ్ళు చాలు. కొన్ని రకాలకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీ తాటాకు కట్ట ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు అన్న కాగితం ఉందా? లేకపోతే ముందు అది రాయించండి. ఎవరైనా రాతి విగ్రహం తెచ్చి “మా పొలంలో దొరికింది, ఉంచండి” అంటే ముందు అధికారులకి తెలపండి. మొహమాటానికి పోయి తీసుకోవద్దు.

మూడోది, డేరా వీధి గారికి జరిగినట్టు ఇంకొకరికి జరగకూడదంటే దానం అన్న మాటే మొదట్లో వద్దు. అప్పు తీసుకోండి. గడువు తేదీ వేయండి. ఒప్పందంలో ఇవి ఉండాలి: వస్తువు ఎవరిది, పోతే ఎవరు పూచీ, ఫొటో తీసి పోస్టుకార్డులు వేస్తే వచ్చే డబ్బులో ఎవరి వాటా ఎంత, ఇష్టం లేకపోతే ఎన్ని రోజుల నోటీసుతో బయటికి రావచ్చు. చదవడం రానివాళ్ళకి చదివి వినిపించి, ఒక ప్రతి వాళ్ళ ఇంట్లో ఉంచాలి. తెలుగులోనో ఒడియాలోనో ఉండాలి. ఇంగ్లీషు ఒప్పందం మీద వేలిముద్ర వేయించుకుని దాన్ని భాగస్వామ్యం అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

లైట్ రైల్వే

మా లైట్ రైల్వే నౌపడా–పర్లాకిమిడి మధ్య 1900లో మొదలైంది, గుణుపురం దాకా 1931లో చేరింది, అప్పటి గేజి (పట్టాల మధ్య దూరం) రెండడుగుల ఆరంగుళాలు. మీ దగ్గర లాంతరు ఉందన్నారు కదా, ఫొటో పెట్టండి. అద్దం రంగు, కింద అచ్చు చూస్తే ఏ పనికి వాడేదో చెప్పేవాళ్ళు మా గ్రూపులో ఉన్నారు. వాళ్ళని పిలవండి. ఆదివారాలు గది చూసుకోమన్నా వస్తారు, ఇంట్లో పడనివాళ్ళే ఎక్కువ. ఒకటే జాగ్రత్త, ఫొటోలో ఉన్న డ్రైవరు ఎవరన్నదాని మీద ఇద్దరు కొట్టుకుంటారు. ఇద్దరి మాటా రాసుకుని పంపేయండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఇవన్నీ అచ్చు తీసి మా పెద్దాయనకి చదివి వినిపించాను. చీరల లెక్క ఆయనకి బాగా నచ్చింది. “గిడ్డంగి అక్కర్లేదా” అని రెండుసార్లు అడిగారు. కానీ చివర్లో మళ్ళీ అదే: “అందరూ కమిటీలో ఉంటే తాళంచెవి ఎవరి దగ్గర?”

తాళపత్రం (బరంపురం)

ఆయన అసలు ప్రశ్న ఇప్పుడు బయటికొచ్చింది.

తాళంచెవి, రిజిస్టరు, చెదల మందు, తేమ కొలత, ఇవి ఒక్కరి చేతిలోనే ఉండాలి. అందరిదీ అన్న పని ఎవరిదీ కాకుండా పోతుంది. రిజిస్టరులో నంబరు పడకుండా ఏ వస్తువూ లోపలికి రాకూడదు, సంతకం లేకుండా బయటికి పోకూడదు. ఇందులో ఓటింగ్ లేదు.

ఏది చూపించాలి, ఏది చూపించకూడదు, లేబుల్ మీద ఏం రాయాలి, ఏ పండగకి ఏం మార్చాలి, ఇవి వస్తువు ఎవరిదో వాళ్ళ చేతిలో ఉండాలి. కొండ దారి గారు చావు పాటలు వద్దన్నారు చూశారా? అది ఆయన అంటే చెల్లాలి. పెద్దాయన సలహా సంఘం అని వేరే పెడదామంటారు, చూడండి. సలహా సంఘానికి టీ ఇస్తారు, నిర్ణయం మాత్రం ఇవ్వరు.

కాలేజీ పిల్లల చేత పని చేయించేటప్పుడు ఒక మాట. ఒకచోట ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు ఇంటింటికీ వెళ్ళి బోలెడు పాత ఫొటోలు స్కాన్ చేశారు, ఎంతో శ్రద్ధగా. ఫొటోలో ఎవరున్నారో ఎవరూ రాసుకోలేదు. ఇప్పుడవి ఎవరివో తెలియని మొహాలు. స్కాన్ చేసేవాడి పక్కన ఆ ఇంటి పెద్ద మనిషి, చేతిలో నోటు పుస్తకంతో ఇంకొకడు, ముగ్గురూ కూర్చుంటేనే పని మొదలుపెట్టండి.

డేరా వీధి (బరంపురం)

సలహా సంఘమైతే నేను రాను. కమిటీలో కుర్చీ అయితే మా వీధి పెద్దల్ని అడుగుతాను. వాళ్ళు ఒప్పుకుంటే ముందు ఒక్క బీరువా మాకివ్వండి. ఏం పెట్టాలో, ఏం రాయాలో మేమే చూసుకుంటాం. ఒక ఏడాది చూద్దాం, మీకూ మాకూ నచ్చకపోతే ఎవరి దారి వాళ్ళది.

కొండ దారి (గుణుపురం)

మాక్కూడా అదే చెప్పండి. బీరువా అక్కర్లేదు. ఒక స్పీకరు, ఒక బల్ల చాలు.

అకౌంట్లమ్మ (రాయగడ)

ఏడాది అన్నారు కదా, ఒప్పందంలో తేదీతో సహా రాయండి. నమూనా నేను తయారుచేసి పెడతాను, తెలుగులో. ఒడియాలోకి ఎవరు మారుస్తారు?

ఉత్కళాంధ్ర (ఛత్రపురం)

నేను మారుస్తాను మేడమ్. కోర్టులో పని, రెండూ వచ్చు.

పాతపట్నం కుర్రోడు

అందరూ చీరలూ ఎముకలూ అంతన్నారు గానీ, మా వీధిలో గంజప్ప ఆడడం వచ్చిన తాత ఉన్నాడు. గుండ్రటి పేకలు, ఆయన దగ్గరే ఉన్నాయి. పేకలు బీరువాలో పెట్టేస్తే ఆట ఎలగ ఆడతారో ఎవుడికి తెలుస్తాది? ఆడుతుంటే వీడియో తియ్యాల. ఎవులొస్తారు? ఆదివారం మజ్జాన్నం తర్వాతే, పొద్దున్న మందులేసుకుని తొంగుంటాడు.

లైట్ రైల్వే

నేనొస్తా. కెమెరా స్టాండు ఉంది. ఆయన ఒక్కడే ఉంటే ఆట ఎలా?

పాతపట్నం కుర్రోడు

అదే కదా. ఆయనతో ఆడినోళ్ళు అందరూ పోయారట. ఆట వచ్చినోళ్ళు పర్లాకిమిడిలో గానీ చికిటిలో గానీ ఎవులైనా ఉంటే చెప్పండి, బండేసుకుని నానే ఎల్లి తెస్తాను.